ఏ గీతలోనూ లేని చుక్కలు

పటంలో ఉన్న ఇళ్ళన్నిటికీ పేర్లొచ్చాయి. గోదారి మధ్యలో ఉన్న కాసిని చుక్కలకి మాత్రం రాలేదు. ఆ కాసినీ మంగతాయారు ప్రాణానికొచ్చాయి.

మర్నాడే ఆర్డీవో గారి దగ్గర వరద మీటింగు. కొంగలంకలో ఏ ఇంటివాళ్ళని ఏ ఆశ్రయానికి చేర్చాలో ఈ పటమే చెప్పాలి. కిందటి వరదలో ఇలాంటిదేమీ లేక, లంకజనం కొబ్బరిచెట్లెక్కి కూర్చుంటే, సర్కారు పడవలు ఇంకెక్కడో తిరిగాయి. ఈసారి అలా కాకూడదని ఆర్డీవో గారు పని తెచ్చి సిలారు మాస్టారి చేతిలో పెట్టారు. మాస్టారు దాన్ని అలాగే తీసుకెళ్ళి తాయారు చేతిలో పెట్టారు.

సిలారు మాస్టారు సర్వే శాఖలో గొలుసు పట్టుకుని పొలాలు కొలిచిన మనిషి. రిటైరయ్యాక గట్టుపాలెంలో ఏటిగట్టుని ఆనుకుని ఒక హాలు అద్దెకి తీసుకుని, పిల్లలకి కంప్యూటర్లో పటాలు గియ్యడం నేర్పుతున్నారు. పాఠం చెప్పమంటే మాత్రం ఆయనకి మాటలు దొరకవు. అడిగినదానికి ఏదో ఒకటి చేసి చూపించి, గడ్డం దువ్వుకుంటూ కూర్చుంటారు. అర్థమైనవాడికి అయినంత. కానివాడు ఇంటికెళ్ళి వాళ్ళమ్మకి చెప్పుకుంటాడు.

తాయారు అర్థమయ్యే రకం. ఆ సంగతి ఆమెకి కూడా బాగా తెలుసు. అదే కొంచెం ఇబ్బంది.

పటం పని మొదట బుల్లబ్బాయి చేతిలో ఉండేది. ఇంటికో చుక్క. చుక్క చుక్కకీ వెళ్ళి, అది ఏ ఆశ్రయం కిందకి వస్తుందో కళ్ళు చికిలించి చూసి, హైస్కూలు, తుఫాను షెల్టరు, కల్యాణమండపం అంటూ చేత్తో టైపు చేస్తున్నాడు. తాయారు వెనక నిలబడి కాసేపు చూసింది.

"ఇలా అయితే వరదొచ్చి వెళ్ళిపోతుంది బుల్లబ్బాయ్. నువ్వింకా టైపు చేస్తూనే ఉంటావు. జరుగు."

బుల్లబ్బాయి జరిగాడు. తాయారు జరగమంటే జరగడం మంచిదని ఆ హాల్లో అందరికీ తెలుసు.

ఆశ్రయాలు ఏవేవి, వాటి కిందకి లంకలో ఎంతమేర వస్తుందో అప్పటికే గీతలు గీసి మూసేసి ఉన్నాయి. అలా చుట్టూ గీసి మూసేసిన జాగాని వీళ్ళు పాలిగాన్ అంటారు. తాయారు కూర్చుని ఒకే ఒక్క లైను ఎక్స్‌ప్రెషన్ రాసింది. కంప్యూటరు భాషలో అది నోరు తిరగనట్టు ఉంటుంది గాని, దాని అర్థం మహా సులువు. చుక్కా చుక్కా, నువ్వు ఏ గీత లోపలున్నావు? ఆ గీత పేరు నీ నెత్తి మీద రాసుకో.

ఒక్క మీట నొక్కింది. కొంగలంక మీద పేర్లు జల్లుగా కురిశాయి.

బుల్లబ్బాయి నోరు తెరిచి చూసి, ఆ నోరు ఊరికే మూయడం ఇష్టంలేక అడిగాడు. "మరి వీళ్ళేంటి, గోదాట్లో కాపురం పెట్టారా?"

నిజమే. నీళ్ళ మీద కొన్ని చుక్కలు, నెత్తి మీద ఏమీ లేకుండా దిగులుగా నిలబడి ఉన్నాయి.

"సర్వే చేసినవాళ్ళ ఫోన్లు తప్పు చూపించి ఉంటాయి. ఇల్లు గట్టు మీదుంటే చుక్క నీళ్ళలో పడుతుంది. ఆమాత్రం తెలీదా?" అంది తాయారు.

ఆమె ఊరు పెద్దాపురం అవతల మెట్ట. బస్సు దిగి హాల్లోకి, హాల్లోంచి బస్సులోకి. ఇన్నాళ్ళలో ఏటిగట్టెక్కి అవతలికి తొంగి చూసిన పాపాన పోలేదు. నీళ్ళంటే భయమని మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఎక్స్‌ప్రెషన్‌కి చివర ఇంకో ముక్క అతికించింది. ఏ గీతలోనూ లేకపోతే, దగ్గర్లో ఉన్న గీత పేరు రాసుకో.

మళ్ళీ మీట నొక్కింది. నీళ్ళ మీది చుక్కలన్నీ బుద్ధిగా పేర్లు పెట్టుకున్నాయి. కొన్ని హైస్కూలుకి పోయాయి, కొన్ని కల్యాణమండపానికి.

తాయారు పటాన్ని మాస్టారికి చూపించింది. "ఒక్క ఖాళీ లేదండి."

మాస్టారు కళ్ళజోడు ఎత్తి చూశారు, దించి చూశారు. వేలు తీసుకెళ్ళి గోదారి మధ్యలో పెట్టారు.

"వీళ్ళకి?"

"దగ్గర్లో ఉన్నది ఇచ్చేశానండి."

"ఊఁ," అన్నారు.

మాస్టారి ఊఁలో చాలా రకాలున్నాయి. ఇది ఏ రకమో తాయారుకి అంతుపట్టలేదు. బాగుందని అనుకోవడానికి మాత్రం ధైర్యం చాల్లేదు.

ఇంతలో టీ వచ్చింది. కొట్టువాడు పెద్ద ఫ్లాస్కూ, గ్లాసుల బుట్టా గుమ్మంలో పెట్టి పోతాడు. రోజుకొకళ్ళు పోస్తారు.

"తాయారూ, ఇవాళ టీ నువ్వు పొయ్యి," అన్నారు మాస్టారు.

ఆమె మొదటి బెంచీకి పోసి, రెండో బెంచీ దగ్గరికొచ్చింది. మాస్టారు లేచి, ఒక కాగితం ముక్క మీద ఏదో రాసి, జిగురు రాసి, తీసుకొచ్చి తాయారు భుజం మీద అతికించారు. తల తిప్పి చదువుకుంది. రెండో బెంచీ.

"ఇదేంటండీ?"

"నువ్వు ఏ బెంచీలోనూ లేవు. దగ్గర్లో ఉన్నది ఇదే."

"అయితే అండి?"

"రెండో బెంచీవాళ్ళు రెండో బెంచీలో కూర్చుంటారు కదా. కూర్చో."

తాయారు కూర్చుంది. ఫ్లాస్కు ఒళ్ళో పెట్టుకుంది. మాస్టారు వెళ్ళి తన కుర్చీలో కూర్చుని, తన ఖాళీ గ్లాసు బల్ల మీద ముందుకి జరిపి పెట్టుకుని, గడ్డం దువ్వుకోసాగారు.

మూడో బెంచీవాళ్ళు నాలుగో బెంచీవాళ్ళని చూశారు.

"మా టీ ఏదండీ?" అన్నారు వెనకనుంచి ఎవరో.

"టీ రెండో బెంచీలో ఆశ్రయం పొందిందిరా. క్షేమంగా ఉంది, కంగారు పడకండి," అన్నాడు బుల్లబ్బాయి. వాడు మొదటి బెంచీ. అప్పటికే తాగేశాడు.

"చల్లారిపోతుందండీ."

తాయారు ఒళ్ళోని ఫ్లాస్కుని చూసింది. ఖాళీ గ్లాసులు పట్టుకుని తనవైపే చూస్తున్న వెనక బెంచీల్ని చూసింది. ఎవరైనా లేచి నా చేతిలోది తీసుకుంటే బాగుణ్ణు అనుకుంది. ఎవరి బెంచీలో వాళ్ళు బుద్ధిగా కూర్చున్నారు. లేచి తిరిగే మనిషి ఆ హాల్లో ఒక్కతే ఉండేది, ఆ మనిషినేమో చీటీ అంటించి కూర్చోబెట్టేశారు.

దువ్వుకుంటున్న చెయ్యి అలాగే ఉంచి, మాస్టారు ఓరగా చూస్తున్నారు.

నీళ్ళ మీది చుక్కలు గుర్తొచ్చి తాయారు దిగ్గున లేచింది. చీటీ పీకేసింది. మూడో బెంచీ గ్లాసులు చాచింది. ఆమె వాళ్ళని దాటుకుని గుమ్మందాకా పోయి, చెప్పులు తొడుక్కుని, ఫ్లాస్కు చంకన పెట్టుకునే బయటికెళ్ళిపోయింది.

"మాస్టారూ, టీ పారిపోయిందండి," అన్నాడు బుల్లబ్బాయి.

"పోనీలే," అన్నారు మాస్టారు. మొహం మాత్రం పండగలా ఉంది.

*

గట్టెక్కేసరికి తాయారుకి గోదారి కనబడింది. ఇంత ఉంటుందని ఆమె అనుకోలేదు. పటంలో దానికి నీలంరంగు పూసింది తనే గాని, అంత రంగు ఎక్కడికి పోయిందో తను చూడలేదు.

రేవులో పడవలు. వాటి మీద తాటాకు గూళ్ళు. ఒక పడవ మీద పొయ్యి వెలుగుతోంది. ఇంకోదాని మీద పిల్లాడి చొక్కాలు ఆరేసి ఉన్నాయి. ఒకదాని మీద కోడిపెట్ట, కాలికి తాడుతో, ఆ పడవ తనదేనన్నట్టు తిరుగుతోంది.

పొయ్యి దగ్గరున్న మనిషి తలెత్తింది. నడివయసు, చేతికి గాజులకన్నా వలతాళ్ళ మచ్చలే ఎక్కువ. పేరు నూకరత్నం అని చెప్పింది.

"మీ ఇల్లెక్కడ పిన్నిగారూ?"

"ఇదేనండి. మొన్న ఆ రేవులో ఉంది. ఇవాళ ఈ రేవులో ఉంది. రేపు చేప ఎటు చెబితే అటు." నూకరత్నం ఫ్లాస్కు వైపు చూసింది. "టీ అమ్ముతున్నారేటండి?"

తాయారు ఆమె గ్లాసులో పోసిచ్చింది. పక్క పడవలవాళ్ళు కూడా గ్లాసులు తెచ్చుకున్నారు. మూడో బెంచీ టీ, నాలుగో బెంచీ టీ అలా గోదారి పాలయ్యాయి.

"మరి వరదొస్తే మీరెక్కడికి వెళ్తారు?"

నూకరత్నం నవ్వలేదు. టీ ఒక గుక్క తాగి చెప్పింది.

"కిందటిసారి ఆఫీసరుగారి మనుషులొచ్చారండి. మీకు దగ్గర్లో ఉన్నది హైస్కూలు, దిగండి అన్నారు. మేం రామన్నాం. మీ మంచికే అన్నారు. పడవలు గట్టుకి కట్టేయించి, మమ్మల్ని బళ్ళో కూర్చోబెట్టి, పులిహోర పొట్లాలిచ్చారు. కొంగలంకోళ్ళు చెట్లెక్కి కేకలేస్తుంటే, మేం కిటికీలోంచి వింటా కూర్చున్నామండి. ఆ పులిహోర ఎవరికీ దిగలేదు."

తాయారు చేతిలో ఫ్లాస్కు మూత ఉంది. దాన్ని బిగించడం మర్చిపోయింది. పొద్దున తను రాసిన ముక్క కూడా అదే కదా. దగ్గర్లో ఉన్న గీత పేరు రాసుకో.

"ఈసారి పిలిస్తే వెళ్తారా, కొంగలంకకి?"

"పిలవాలంటే మేం ఎక్కడున్నామో తెలియాలి కదండి."

"మీ దగ్గర ఫోనుందా?"

"ఆయ్. మా ఆయనకన్నా అదే ఎక్కువ మాట్లాడుతుంది."

"అందులో లొకేషన్ నాకు వచ్చేలా పెడితే చాలు. మీ పడవ ఎటు కదిలితే నా పటంలో చుక్క అటు కదుల్తుంది."

నూకరత్నం ఆమెని పైనుంచి కిందిదాకా చూసింది. బేరం తెలిసిన మనిషి. "మా ముసలాళ్ళనీ పిల్లల్నీ మీరు బళ్ళో పెట్టి చూసుకోండి. పడవల జోలికి రాకండి. అలాగైతే వెళ్తాం."

తాయారు అన్ని పడవల ఫోను నెంబర్లూ రాసుకుని, ఖాళీ ఫ్లాస్కుతో వెనక్కొచ్చింది. దారిలో ఆమెకి ఇంకోటి తట్టింది. తట్టగానే నడక పరుగైంది.

దగ్గరన్న మాట తప్పు కాదు. తనే దాన్ని తలకిందులుగా పట్టుకుంది. పడవకి ఏ ఆశ్రయం దగ్గర అని కాదు అడగాల్సింది. ఇంటికి ఏ పడవ దగ్గర అని అడగాలి. వరదలో వీధులూ దొడ్లూ అన్నీ నీళ్ళే గనక, పడవకి తిన్నని దారే దారి.

సాయంత్రందాకా కూర్చుని ఎక్స్‌ప్రెషన్ మార్చింది. ఇంటి చుక్క పైన పాత పేరే ఉంది, అది ఏ గీత లోపలుందో ఆ ఆశ్రయం పేరు. దాని కింద ఇంకో పేరు వచ్చింది, ఆ క్షణాన ఆ ఇంటికి అన్నిటికన్నా దగ్గర్లో ఉన్న పడవ పేరు. పడవ కదిలితే పేరు మారుతుంది. నీళ్ళ మీది చుక్కలకి మాత్రం ఏ ఆశ్రయమూ రాయలేదు. పడవవాళ్ళ పేర్లే పెద్ద అక్షరాలతో పెట్టింది.

మాస్టారు వచ్చి చూశారు. ఈసారి ఊఁ అని కూడా అనలేదు. వెళ్ళి తన కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వేయించారు. అది తాయారు కోసమని బుల్లబ్బాయి చెప్తే గాని ఆమెకి అర్థం కాలేదు.

*

మర్నాడు మీటింగులో ఆర్డీవో గారు పటం చూసి మెచ్చుకుంటూ మెచ్చుకుంటూ గోదారి దగ్గర ఆగిపోయారు.

"ఇదేంటమ్మా, ఇన్ని కుటుంబాలకి ఆశ్రయం పేరు లేదు? కలెక్టరుగారు ముందు దీన్నే పట్టుకుంటారు. ఏదో ఒక పేరు పెట్టెయ్."

"పెట్టానండి. వాళ్ళ పేర్లే పెట్టాను."

"అది కాదమ్మా. రేపు వీళ్ళ ప్రాణాలకి ఎవరు పూచీ?"

తాయారు వెనక్కి తిరిగి చూసింది. వెనక వరసలో మాస్టారు ఉన్నారు గాని, ఆయన కిటికీలోంచి కాకుల్ని చూస్తున్నారు. ఇక తనే చెప్పాలి.

"కొంగలంక ప్రాణాలకి వీళ్ళే పూచీ అండి. కిందటిసారి వీళ్ళని బళ్ళో కూర్చోబెట్టాం. ఆ కేకలు వీళ్ళు కిటికీలోంచి విన్నారు."

కిందటిసారి ఆ బడి దగ్గర డ్యూటీ చేసినవాళ్ళు ఇద్దరు అక్కడే ఉన్నారు. అందులో ఒకాయన తలొంచుకుని, "నిజమేనండి. తలుపు గడియ పెట్టింది నేనే," అన్నాడు.

ఆర్డీవో గారు కలం తీసుకుని సంతకం పెట్టారు. "పిల్లల్నీ ముసలాళ్ళనీ బడికి చేర్చండి. పడవలు విప్పే ఉండాలి. ఎవరైనా కట్టేస్తే నాకు చెప్పమ్మా."

*

శ్రావణంలో గోదారి ఎర్రగా వచ్చింది. మూడో ప్రమాద హెచ్చరిక తెల్లవారుతూనే ఇచ్చేశారు. ఏటిగట్టు మీది పాత బంగళాలో కంట్రోలు రూము పెట్టారు. గోడ మీద తాయారు పటం. ముందు కుర్చీలో తాయారు. పక్కన రెండు ఫోన్లతో బుల్లబ్బాయి.

ఇళ్ళ కింద పడవల పేర్లు కదుల్తున్నాయి. నూకరత్నం, దుర్గారావు, పోలిపల్లి అప్పన్న, మళ్ళీ నూకరత్నం. ఒక పడవ దిగువకి జారితే, ఎగువ ఇళ్ళకి ఇంకో పేరు వచ్చేస్తోంది. తాయారు పేరు చదువుతోంది. బుల్లబ్బాయి ఫోను చేస్తున్నాడు. ఇంటివాళ్ళు ఆశ్రయం చేరారని కబురు రాగానే ఆమె ఆ చుక్క తీసేస్తోంది. లంక మీద చుక్కలు పలచబడుతున్నాయి.

మధ్యాహ్నానికి ఒకటే మిగిలింది. పడమటి కొసన సత్తిరాజు గారిల్లు. దాని కింద దుర్గారావు పేరు.

ఆ పేరు మారలేదు. దుర్గారావు చుక్క కూడా కదల్లేదు. తాయారు ఒకసారి చూసింది, మళ్ళీ చూసింది. బుల్లబ్బాయి చేతిలో ఫోను లాక్కుంది.

"దుర్గారావుగారూ, ఆగిపోయారేం?"

"గుర్రపుడెక్కలో ఇరుక్కుపోయానండి. మా మనుషులం బాగానే ఉన్నాం గాని, పడవ రాదు."

సత్తిరాజు గారింట్లో నీళ్ళు అరుగెక్కి చాలాసేపైంది. తాయారు దుర్గారావు చుక్కని పటంలోంచి తీసి పక్కన పెట్టింది. ఇంటి కింద పేరు ఒక్కసారి చెరిగి, కొత్తది వచ్చింది. నూకరత్నం.

"పిన్నిగారూ, వెనక్కి తిరగాలి. పడమటి కొస."

"తిరిగానండి," అంది నూకరత్నం. అప్పటికే తిప్పుతోంది కాబోలు, గొంతులో తెడ్డు బరువు వినబడింది.

గదిలో ఆర్డీవో గారు కుర్చీ వెనక నిలబడ్డారు. నీలంరంగు మీద చుక్క అడ్డంగా జారింది, ఆగింది, మళ్ళీ జారింది. ఇంటి చుక్కని తాకింది. చాలాసేపు అక్కడే ఉంది.

ఫోను మోగింది.

"ఎక్కించుకున్నానండి. సత్తిరాజుగారినీ, ఆవిడనీ. దూడ కూడా ఉంది. దాన్ని ఎక్కిస్తేగాని ఎక్కనని అరుగు మీదే కూర్చున్నాడండి ఈయన." వెనకనుంచి దూడ ఏదో అంది. "ఇంకెవరైనా మిగిలారా అమ్మాయిగారూ?"

తాయారు పటం చూసింది. కొంగలంక మీద ఒక్క ఇంటి చుక్క కూడా లేదు.

"లేరు పిన్నిగారూ." కొసనుంచి కొసదాకా ఇంకోసారి చూసింది. "ఎవరూ లేరు. అందరూ వచ్చేశారు."

నూకరత్నం ఆ మాట పక్క పడవకి అరిచి చెప్పింది. ఆ పడవ ఇంకో పడవకి చెప్పింది. ఫోన్లో మొదలైన కేక కాసేపటికి బంగళా కిటికీల్లోంచే వినబడసాగింది, గోదారి హోరుని తోసుకుంటూ. ఆర్డీవో గారు చప్పట్లు కొట్టారు. గడియ పెట్టినాయన కళ్ళు తుడుచుకున్నాడు. బుల్లబ్బాయి రెండు ఫోన్లూ రెండు చేతుల్లో పట్టుకుని చిందేశాడు. ఆ చిందు చూసి నవ్వాగక తాయారు బల్ల మీద తల పెట్టేసింది.

తలెత్తేసరికి మాస్టారు కిటికీ దగ్గర ఉన్నారు. ఆమె వెళ్ళి పక్కన నిలబడింది. అవతల, కొంగలంక పడమటి కొసలో, నీళ్ళు ఒడ్డుని పెళ్ళలు పెళ్ళలుగా కోసుకుపోతున్నాయి. పటంలో సరిహద్దు గీత ఉన్నచోట ఇప్పుడు సుడి తిరుగుతోంది.

"ఎలా ఉందండీ మాస్టారూ, నా పటం?"

"బాగుంది," అన్నారు సిలారు మాస్టారు. ఆ మాట ఆయన నోట ఎవరూ విని ఎరగరు. తర్వాత చూపు నీళ్ళ మీదే ఉంచి, మెల్లిగా అన్నారు.

"గోదారి ఇంకా గీస్తోంది. అది ఆపాక, మనం మొదలెడదాం."